నంద్యాల ఇల్లు కృపావతికే

కర్నూలు జిల్లా నంద్యాల పట్టణంలో స్టేషనుకు పోయే దారిలో సొంత ఇంట్లో కాపురముంటున్న చిందుకూరు జకరయ్య అను నేను, ఆళ్ళగడ్డ మిషన్ బడి అయ్యవారు కీర్తిశేషులు కొండయ్య గారి పెద్దకొడుకును, వయసు యాభై అయిదు, వైమానిక దళంలో పైలట్‌గా పనిచేసి స్క్వాడ్రన్ లీడరుగా రిటైరైనవాణ్ణి, నా బుద్ధి నా దగ్గర ఉండగా, ఒకరు బెదిరించకుండా, ఒకరు బతిమాలకుండా, నా చేత్తో నేను రాసిన వీలునామా ఇది. బుద్ధి స్థిమితంగా ఉందని డాక్టరు కాయితం రాసిచ్చాడు. గుండె సంగతి మాత్రం కాయితం మీద పెట్టలేదు, నోటితో చెప్పాడు. ఆయన చెప్పిన తీరు చూస్తే ఇక తాత్సారం చేసేదానికి లేదు.

1984లో నేను రాసిన వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. నా ఏకైక కూతురు కృపావతి విమానం నడిపేవాణ్ణి పెళ్ళి చేసుకున్న పక్షంలో ఈ ఇల్లు ఆమెకు చెందకుండా నా తమ్మునికి పోవాలని అందులో షరతు ఉంది. ఆ షరతు ఎందుకు పెట్టానో, ఇప్పుడెందుకు తీసేస్తున్నానో అయిదో కలంలో రాస్తాను. ముందు చిన్నచిన్నవి తెగ్గొట్టుకుంటాను. ఈమధ్య నాకు తొందరగా అలుపొస్తోంది.

1. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత నా బడి స్నేహితుడు, ఇప్పుడు ఆళ్ళగడ్డలో హెడ్‌మాస్టరుగా ఉన్న సంజీవయ్యకు అప్పగిస్తున్నాను. పడిన శ్రమకు నా ట్రాన్సిస్టర్ రేడియో తీసుకోవాలి. వాడు ఏడాదికోసారి నన్ను బడికి పిలిచి, పైలట్ ఉద్యోగం గురించి పిల్లలకు చెప్పమంటాడు. పిల్లలేమో యుద్ధం గురించి అడుగుతారు. నేను ఎదురుచూడటం గురించి చెబుతాను. చీకటితో లేచి, గుడ్డూ రొట్టే మింగి, వాతావరణం చెప్పేవాడి మొహం వంక చూడాలి. వాడు తల అడ్డంగా ఊపితే క్యారమ్స్ ఆడుకుంటూ కూర్చోవాలి. మబ్బు విడిచిందంటే బియ్యం, ఉప్పు, కందిపప్పు, కిరసనాయిలు నింపుకుని ఈశాన్యం కొండల సందుల్లోకి దూరి, జవాన్లు కాపలా ఉన్నచోట మూటలు కిందికి దొర్లించి, మబ్బు మళ్ళీ మూసుకునే లోపల బయటపడాలి. ఒక్కోసారి గొర్రెలను కూడా పారాచూట్ గొడుగులు కట్టి దించాము. సర్వీసంతా నేను చేసింది ఇదే, ఆకాశంలో కిరాణా కొట్టు నడిపాను. పిల్లల మొహాలు చిన్నబోయేవి. సంజీవయ్య నాకు కళ్ళతో సైగలు చేసేవాడు.

ఇక మీదట వాడే చెప్పుకోవాలి. కళ్ళు బాగుండాలి, లెక్కలు రావాలి, ఉత్తరంలో అమ్మకు అబద్ధం రాయడం రావాలి. తోలు జాకెట్ మీద ఆశ పెట్టుకోవద్దని తప్పక చెప్పాలి. అది సర్కారుది, పోయేటప్పుడు తిరిగి ఇచ్చేసి రావాలి.

2. రుద్రవరం దారిలో ఉన్న నాలుగెకరాల చేను, అందులోని బావితో సహా, నా తమ్ముడు ఓబయ్యకు సర్వహక్కులతో చెందవలసింది. దున్నింది వాడు, విత్తింది వాడు, నేను సెలవుల్లో వచ్చి గట్టు మీద నిలబడింది మాత్రమే. పాత వీలునామా ప్రకారం వానికి ఇల్లు దక్కే దారి ఒకటి ఉండేది, ఇప్పుడు లేదు. దీనికి వాడు నొచ్చుకుంటాడు. నొచ్చుకోవడం వానికి కొత్త కాదు.

వానికి నామీద కోపం మొదలైంది 1965లో. ఫలానా ఆదివారం మా అన్న విమానం ఆళ్ళగడ్డ మీదికి తెస్తాడని, చర్చి గోపురం చుట్టూ తిప్పుతాడని, నన్ను అడగకుండానే ఊరంతా చాటింపు వేశాడు. ఆరాధన ముగిసి జనం ఎండలో మెడలెత్తుకుని నిలబడ్డారు. నేను ఆ పూట ఎక్కడో అస్సాంలో ఉన్నాను. సొంతూరి మీద విమానం తిప్పినవానికి కోర్టు మార్షల్ అని వానికి ఎంత చెప్పినా ఎక్కలేదు. మా అమ్మ చెన్నమ్మకు మాత్రం ఈ గొడవ లేదు. చేలో ఉండగా పైన ఏ విమానం పోయినా నేనేననుకుని కొంగు ఊపేది. ఆమె పోయేదాకా అట్లాగే ఊపింది, నేను వద్దని చెప్పలేదు.

ఓబయ్యా, ఇంకొక మాట. ఇంజన్ల మోతకు నా ఎడమ చెవి ఎప్పుడో పోయింది. నువ్వు నాతో ఎప్పుడు మాట్లాడినా ఎడమవైపు నిలబడే మాట్లాడతావు. నేను గర్వంతో పలకలేదని బంధువులకు చెప్పుకున్నావు. కుడివైపు వచ్చి ఉంటే మనకు ఇంత దూరం వచ్చేది కాదు.

3. నా భార్య జీవమ్మకు కుటుంబ పింఛను, బ్యాంకులో నా పేర ఉన్నదంతా, కుట్టు మిషను చెందాలి. ప్రాణమున్నంత కాలం ఈ ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉంది. వంటింట్లో మటుకు హక్కు మొత్తం ఆమెదే, కూతురు కూడా అడ్డు చెప్పకూడదు. పేర్లు రాసిన నల్ల ఇనుప పెట్టెలు ఆమె పాత సామాన్లవానికి వేసేసుకోవచ్చు. బదిలీ అయిన ప్రతిసారీ వాటి మీద పాత ఊరి పేరు చెరిపి కొత్త ఊరి పేరు రంగుతో రాసింది ఆమే.

సర్కారు క్వార్టర్ల గోడలకు మేకు కొట్టకూడదని నియమం. ఈ ఇంట్లో చేరిన మొదటి దినమే ఆమె సుత్తి తీసుకుని గోడల నిండా మేకులు కొట్టింది. తగిలించేదానికి అప్పటికి మా దగ్గర ఏమీ లేదు. నేను నవ్వితే ఆమె నవ్వలేదు.

1967లో ప్రయాణికుల విమానాలు నడిపే కంపెనీ ఒకటి నన్ను రమ్మంది. జీతం రెండింతలు, రాత్రికి ఇంటి అన్నం. చాలామంది పోయారు. ఏం చేద్దామని అడిగితే జీవమ్మ మీ ఇష్టమంది. నేను పోలేదు. కొండమీద మూటల కోసం పైకి చూసే జవాన్ల మొహాలు అడ్డమొచ్చాయి, ఇంకో రెండేళ్ళలో వింగ్ కమాండరు అవుతానన్న ఆశ కూడా ఉంది. కాలేదు. నాకంటే బాగా ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు అయ్యారు. ఆ కంపెనీకి పోయి ఉంటే ఎట్లా ఉండేదని ఇప్పటికీ మధ్యాహ్నం పడుకున్నప్పుడు ఆలోచిస్తాను, నిద్ర పట్టదు.

4. నన్ను పూడ్చేటప్పుడు యూనిఫారం తొడగవద్దు. తెల్ల పంచె, చొక్కా చాలు. పతకాలు కృపావతి తను పాఠాలు చెప్పే బడిలో పిల్లలకు చూపించదలిస్తే చూపించవచ్చు.

5. తూర్పున వీధి, పడమర సువార్తమ్మ గారి దొడ్డి, ఉత్తరాన సందు, దక్షిణాన ఖాళీ స్థలం హద్దులుగా గల నా స్వార్జితమైన నంద్యాల ఇల్లు నా కూతురు కృపావతికి, ఆమె పెళ్ళి చేసుకున్నా, చేసుకోకపోయినా, ఎవరిని చేసుకున్నా, దాన విక్రయాది సర్వహక్కులతో చెందవలసింది. భర్తకు గానీ అత్తవారికి గానీ ఇందులో ఎలాంటి హక్కు లేదు.

ఇప్పుడు షరతు సంగతి. మా ఉద్యోగంలో ఎవరన్నా విమానంతో పాటు పోతే ఆ కబురు ఇంటికి ఫోనులో చెప్పరు. ఇద్దరు ఆఫీసర్లు, తోడుగా ఒక ఆఫీసరు భార్య, నడిచిపోయి చెప్పాలి. నేను నెమ్మదిగా మాట్లాడతానని పేరు పడింది. అందువల్ల ఏ ఎయిర్‌ఫోర్స్ స్టేషనుకు మారినా ఆ పని నాకే తగులుకునేది. క్వార్టర్ల వీధిలో మేము అడుగు పెట్టగానే కిటికీ తెరలు కదిలేవి. మేము దాటిపోయిన ఇంట్లో వాళ్ళకు ప్రాణం లేచి వచ్చేది. చివరికి ఒక ఇంటి ముందు ఆగేవాళ్ళం.

కొన్నాళ్ళకు, డ్యూటీ దిగి మామూలుగా ఇంటికి పోతున్నా ఆడవాళ్ళు నన్ను చూసి కొయ్యబారిపోవడం గమనించాను. అప్పటి నుంచి చేతిలో కూరగాయల సంచి లేకుండా ఆ వీధిలో నడవలేదు. సంచి ఉంటే ఇంటికి పోయే జకరయ్య. కొనేదేమీ లేని దినాల్లో పాత పేపర్లు కుక్కి లావు చేసేవాణ్ణి. తోటి ఆఫీసర్లు నన్ను వెక్కిరించారు, తర్వాత వాళ్ళలో కొందరు కూడా సంచులు కొన్నారు.

కబురు చెప్పిన కొద్ది వారాలకు స్టోర్సు నుంచి ఒక మనిషి ఆ ఇంటికి వస్తాడు. కుర్చీలు, మంచాలు, తెరలు వేలాడే కమ్మీలు అన్నీ సర్కారువి కదా, ఒప్పజెప్పి క్వార్టరు ఖాళీ చేయాలి. చంకలో బిడ్డను పెట్టుకుని, కుర్చీ కాలు ఎందుకు విరిగిందో ఆ మనిషికి సంజాయిషీ చెప్పుకుంటున్న ఇరవై రెండేళ్ళ పిల్లను చూశాను. ఎక్కడికి పోతావమ్మా అని అడిగితే ఇంకా తెలియదండీ అంది. ఆ పిల్ల మొహం నాకు మరపు రాలేదు. నా కూతురు ఆ చోట నిలబడకూడదని ఆ దినమే అనుకున్నాను.

అట్లాంటి నా దగ్గరికి 1980లో బనగానపల్లె నుంచి మోషే అనే కుర్రాడు సలహా కోసం వచ్చాడు. ట్రెయినింగులో బాగా చేస్తున్నాడు, యుద్ధవిమానాలు ఎంచుకోనా, సరుకుల విమానాలు ఎంచుకోనా అని అడిగాడు. సరుకులవి తీసుకో, ముసలివాడివి అయ్యేదాకా బతకొచ్చు అన్నాను. శ్రద్ధగా తల ఊపి, పోయి యుద్ధవిమానాలు ఎంచుకున్నాడు. ఆ తర్వాత సలహా అడగడం మాత్రం మానలేదు. ప్రతి సెలవుకూ వచ్చాడు. వాడు వస్తున్నది నా సలహా కోసం కాదని నాకంటే ముందు పక్కింటి సువార్తమ్మ గారు కనిపెట్టారు.

1984లో వాడు తిన్నగా అడిగాడు. నేను కుదరదన్నాను. కృపావతి ఏడవలేదు, అలగలేదు, అన్నం మానలేదు. పొద్దున బడికి పోవడం, సాయంత్రం పరీక్ష పేపర్లు దిద్దుకోవడం. నేను తెచ్చిన సంబంధాలు, ఒకడు బ్యాంకు, ఒకడు ఎల్ఐసీ, ఒకడు కాలేజీ లెక్చరరు, అందరికీ కాఫీ ఇచ్చి పంపింది. ఒక్కసారి మాత్రం చెప్పింది: "నాయనా, నువ్వు సరే అన్న దినమే చేసుకుంటా. నీకు తెలీకుండా ఏం చెయ్యను. వేరేవాళ్ళను మాత్రం చూడాకు." ఆ మాట మీద రెండేళ్ళు నిలబడింది. నేను నోరు విప్పకుండా పోతే జీవితమంతా అట్లాగే నిలబడుతుంది, అది మా కొండయ్య అయ్యవారి మనుమరాలు.

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చాక పాత వీలునామా జీవమ్మకు చదివి వినిపించాను. నన్ను ఆమె ఎప్పుడూ మీరు అంటుంది. కోపమొస్తే నువ్వు అంటుంది. ఆ దినం నువ్వు అంది.

"నువ్వు సంచి పట్టుకోని పోతాంటివి. నువ్వు విమానమెక్కి పోయిన దినం ఆ వీధిలో వేరేవాళ్ళు ఒట్టి చేతులతో వస్తాంటే, నేనూ కిటికీ కాడ నిలబడుకోని చూస్తాంటి. ఈ పని ఇడిసిపెట్టమని ఒక్కనాడన్నా అంటినా? నిన్ను చేసుకున్నందుకు ఒక్కనాడన్నా చింతపడితినా? దాని భయం అది పడతాది. దాని బదులు నువ్వెందుకప్పా పడతాండావ్?"

అన్నేళ్ళు ఒక ఇంట్లో ఉండి, మా కిటికీకి కూడా ఒక తెర ఉందని నాకు తట్టలేదు. మిగతా ఇళ్ళ కిటికీలే చూశాను. తర్వాత ఆ కాయితం చించేశాను.

కనుక షరతు పోయింది, ఇల్లు మాత్రం ఆమెకు ఉంటుంది. కృపావతి, ఏ ఊరి క్వార్టరు ఎవరు ఖాళీ చేయమన్నా, ఎక్కడికి పోతావమ్మా అని అడిగినవానికి నువ్వు చెప్పేదానికి ఒక జవాబు ఉండాలి. అంతకు మించి నేను చేయగలిగింది లేదని రెండేళ్ళకు ఒప్పుకున్నాను. మోషేకు నా స్కూటరు ఇస్తున్నాను. నేలమీద నెమ్మదిగా పోవడం అలవాటు చేసుకోవాలి.

6. వీలునామాలోని మాటలు మనిషి పోయాకనే చెల్లుతాయని వకీలు చెప్పాడు. మిగతా కలాలకు అదే పద్ధతి. ఈ కలం మాత్రం నేను సంతకం పెట్టిన ఈ పూట నుంచే అమలు. కృపావతి, మోషేల పెళ్ళికి తండ్రిగా నా సమ్మతి ఇస్తున్నాను. నోటితో చెప్పబోయిన రెండుసార్లూ పరీక్ష పేపర్ల సంగతి అడిగి లేచి వచ్చేశాను. అందుకని సాయంత్రం ఆమె బడి నుంచి రాగానే సంజీవయ్య ఈ కలం చదివి వినిపించాలి. నేను పెరట్లో ఉంటాను.

పెళ్ళి మోషేకు మొదట దొరికే సెలవులోనే జరగాలి. వాళ్ళ సెలవులు ఎట్లాంటివో నాకు తెలుసు, ఈరోజు ఇచ్చి రేపు తీసేసుకుంటారు. ఈలోపల నేను పోతే, ఇంట్లో చావు జరిగింది, ఏడాది తిరగాలి అని మా వాళ్ళెవరూ అడ్డుపడకూడదు. ఓబయ్య అసలు పడకూడదు. ఆ సెలవు, నన్ను మట్టి చేసే దినం ఒకటే అయితే, పొద్దున నన్ను పంపించి, కాళ్ళు కడుక్కుని, సాయంత్రం పెళ్ళి చేయాలి. పాస్టరు గారు ఎట్లాగూ వచ్చి ఉంటారు. షామియానా ఉంటుంది, అద్దె కుర్చీలు ఉంటాయి.

మా వాళ్ళలో పెళ్ళికూతురు తెల్లచీరే కడుతుంది. కృపావతి, పొద్దున నా వెంట సమాధుల తోటకు వచ్చిన తెల్లచీరతో పెళ్ళిలో నిలబడవద్దు. వేరే చీర కట్టుకో. అంచుకు సన్నటి వెండి జరీ ఉన్నది, మొన్న మంగళవారం నేనే బజారుకు పోయి తెచ్చి బీరువా పై అరలో పెట్టాను. తాళం మీ అమ్మ దగ్గర ఉంది.

పైన రాసినదంతా చదువుకుని, సరిగానే ఉందని తెలుసుకుని, ఈ దిగువ సాక్షుల ఎదుట సంతకం చేశాను. దీని తర్వాత ఇంకొకటి రాసే ఓపిక నాకు లేదు, కాబట్టి ఇదే ఆఖరుది.

నంద్యాల, 1986 సెప్టెంబరు 19, శుక్రవారం.

(సంతకం) చిందుకూరు జకరయ్య

సాక్షులు:
1. రెవరెండ్ మత్తయి, పాస్టరు, నంద్యాల
2. సువార్తమ్మ, రిటైర్డ్ నర్సు, పడమటి హద్దు ఇంటి యజమాని