లకుముకి పిట్టకి ఉట్టి

ఆకివీడు,
చెరువు గట్టు.

చిరంజీవి తేజశ్రీకి తాతయ్య దీవెనలు.

ఇక్కడ మీ అమ్మా, నాన్నా, నేనూ కులాసా. చెరువులో చేపలు మాకంటే కులాసా. వాటికి పొద్దున్నే తౌడు, ఎండెక్కితే మిషను గాలి. నువ్వూ క్షేమమని తలుస్తాను. మీ క్యాంటీను చారు క్షేమంగా లేదని రాశావు, దానికి నేనేం చెయ్యలేను.

ఫోను మానేసి ఉత్తరం ఎందుకు రాశావో తెలిసిందిలే. ఫోనైతే మీ అమ్మ స్పీకరు పెట్టమంటుంది. పోస్టుమాన్ ఏసుకుమార్ కవరు గట్టు మీదకే తెచ్చిచ్చి, "మీకు ఉత్తరాలు రాసేవాళ్ళు కూడా ఉన్నారాండీ తాతగారూ?" అన్నాడు. "ఉందిరా, బెంగుళూరులో. పడుచుపిల్ల" అన్నాను. సాయంత్రానికి ఊళ్ళో నన్ను చూసి నవ్వనివాడు లేడు.

సరుకుల విమానానికీ, మీరు తయారుచేసే పెద్ద హెలికాప్టరుకీ తేడా తెలిసిందా తాతయ్యా అని అడిగావు. చదివింది నాలుగో తరగతే గానీ పిట్టల్ని చూడ్డంలో నాది పెద్ద చదువే. గూడబాతు ఉంది కదా, ఒళ్ళు బరువు. నీళ్ళ మీద చాలా దూరం పరిగెత్తితే గానీ లేవదు. అది సరుకుల విమానం. లకుముకి పిట్ట గాలిలో ఒక్కచోటే నిలబడి రెక్కలాడిస్తుంది. అది హెలికాప్టరు. లకుముకి పిట్ట చేత గూడబాతు మోసే బరువు మోయించాలని మీ తాపత్రయం. అంతేనా?

ఇక నా అనుమానం. పూర్తిగా తయారయ్యాక అది ఫిరంగిని తాళ్ళతో కింద వేలాడేసుకుని కొండెక్కుతుందన్నావు. అంటే ఉట్టేగా! ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని సామెత. మీరు ఉట్టినే స్వర్గానికి ఎగరేస్తున్నారు. మరి గాలికి ఊగదా? ఊగితే పైనున్నవాళ్ళ గతేంటి?

తెలుసుకుందామని షెడ్డు దూలానికి తౌడు బస్తా కట్టి ఊపాను. తాడు పొట్టిగా ఉంటే గబగబా ఊగింది, పొడుగ్గా ఉంటే తాపీగా ఊగింది. ఎందుకో రాయి. బస్తా ఊగినప్పుడల్లా దూలం కిర్రుమంటోంది. సరిగ్గా అప్పుడే మీ అమ్మ అన్నం క్యారేజీ తెచ్చింది.

"ఏవండీ మావయ్యగారూ, ఆ బస్తాకి ఉరేశారేంటండీ?"

"ఉరి కాదమ్మా గాయత్రీ, ఉట్టి. దూలం హెలికాప్టరు, బస్తా ఫిరంగి."

"మరి మా అమ్మాయెక్కడండీ?"

ఇక్కడే నీకో సంగతి ఒప్పుకోవాలి. హెలికాప్టరుని గొలుసులతో నేలకి కట్టేసే రెక్కలు తిప్పుతారని మీ అమ్మకి ధైర్యం చెబుతూ వచ్చాను. వచ్చే నెల గొలుసులు తీసేస్తారనీ, మొదటిసారి లేచేటప్పుడు మీటర్లు చూడ్డానికి నువ్వూ లోపల కూర్చుంటావనీ రాశావు. అమ్మకి నువ్వే మెల్లగా చెప్పు, తను వద్దంటే మానేస్తానన్నావు. ఆ మాటకి భయపడి నీ ఉత్తరం జేబులోనే పెట్టుకు తిరిగాను. నీకు ఆ పనంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు. మీ అమ్మ భయమూ తెలుసు.

అడిగింది కాబట్టి వేలెత్తి దూలం పైకి చూపించాను.

"గొలుసులన్నారు కదండీ?"

"తీసేస్తారటమ్మా."

మీ అమ్మ క్యారేజీ కిందపెట్టి, ఊగుతున్న బస్తాని రెండు చేతులా పట్టుకుని ఆపింది. చాలాసేపు వదల్లేదు.

"మొన్న ఫోను పెట్టేసేటప్పుడు 'వెళ్తున్నానమ్మా' అందండి. చిన్నప్పుడు బడికెళ్ళినా 'వెళ్ళొస్తా' అనే అనేది. అప్పుడే అనుకున్నాను, ఏదో దాస్తోందని."

నేను కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చున్నాను.

అన్నం వడ్డించింది. తిని చెయ్యి కడుక్కుంటుంటే అంది, "వద్దని రాయకండి. ఎక్కేముందు ఫోను చేసి, ఆ మాట సరిగ్గా చెప్పమనండి."

విన్నావుగా. ఈసారి స్పీకరు మీ అమ్మే పెడుతుంది, పక్కన నేనూ ఉంటాను. ఇంకో మాట. దాన్ని లేపడం గురించి పేజీలకి పేజీలు రాశావు, దింపడం గురించి ఒక్క ముక్కా రాయలేదు. అది రాయి ముందు.

బస్తా ఇంకా దూలానికే వేలాడుతోంది. విప్పబోతే మీ అమ్మ ఒప్పుకోలేదు. "అమ్మాయి దిగాక దింపుదురుగాని లెండి" అంది. ఆ తౌడు కోసం చేపలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాయి. వాటి కోసమైనా చల్లగా దిగు తల్లీ.

ఇట్లు,
కిర్రుమంటున్న నీ దూలం,
తాతయ్య.