వేడి బయటికి పోయే దారి

జులై 11

మేకకి జ్వరం తగ్గలేదు. ఇవాళ కొండ ఎక్కేసరికి ఇంజిన్ పీల్చే గాలి డెబ్బై ఒక్క డిగ్రీలు. బయట ముప్పై ఆరే. టర్బో లోపలికి తోసే గాలి ఒత్తిడి, అదే బూస్ట్, ఒకటిన్నర బార్ దాటగానే ఇంజిన్ లోపల గులకరాళ్లు దొర్లుతున్న చప్పుడు. ఇంకో నెల ఇలాగే తోలితే పిస్టన్లకి చిల్లులు పడతాయి.

కారుకి మేక అని పేరు పెట్టింది తమ్ముడు ఆర్గిరిస్. పేరు వాడిది, స్టీరింగు వాడిది, షెల్ఫులో కప్పులన్నీ వాడివి. జ్వరం మాత్రం నాది. సెప్టెంబర్ 7న కొండ రేస్. పోయినేడు ఆరో మలుపులో వేడి ఎక్కువైందని ఇంజిన్ కంప్యూటర్‌లో నేను రాసిన ప్రోగ్రామ్ బూస్ట్ తగ్గించేసింది. రెండు సెకన్ల తేడాతో పోయింది కప్పు. కాఫీ షాపులో అందరి ముందూ నా గురించి, మా అక్క మిర్తో ఈసారి కూడా భయపడితే నేను బస్సెక్కి పోతానురా రేసుకి అన్నాడట ఆర్గిరిస్. వెధవ.

జులై 14

పాంటెలిస్ మావయ్య ఇవాళ మళ్లీ తగువుకొచ్చాడు. అమ్మ తమ్ముడు. చివరి మలుపు కింద, పైన్ చెట్ల మధ్య అరవై ఒక్క తేనెపెట్టెలు ఆయనవి. మేము పైకి ఎక్కాక ఆగేది ఆ పక్కనే, కంకర పోసిన జాగాలో. నాలుగు నిమిషాలు. ఇది నాన్న పెట్టిన నియమం. గట్టిగా తోలిన వెంటనే ఇంజిన్ ఆపకూడదు. టర్బో ఎర్రగా కాలి ఉంటుంది, ఆయిల్ తిరగడం ఆగిపోతే లోపలే మాడి బొగ్గవుతుంది. నాన్న పోయి ఆరేళ్లయినా నేను ఒక్కసారి కూడా మూడో నిమిషంలో తాళం తిప్పలేదు.

మావయ్య చేతిలో, తేనెటీగల్ని జోకొట్టడానికి నిప్పు రాజేసే పొగడబ్బాతో పైకెక్కి వచ్చి, ఏమే, కొండెక్కడం అయిపోయిందిగా, ఇంకా ఎందుకే అది గుర్రుగుర్రుమంటూ, నా ఈగలకి తలనొప్పి అన్నాడు. సంగతి చెప్పాను. మీ నాన్న ఇంజిన్ దగ్గర నాలుగు నిమిషాలు ఆగేవాడు గానీ అన్నం దగ్గర రెండు నిమిషాలు కూర్చున్న పాపాన పోలేదు అని నవ్వాడు.

తర్వాత నా చెయ్యి పట్టుకుని ఒక పెట్టె దగ్గరికి తీసుకెళ్లాడు. గుమ్మం దగ్గర ఈగలు వరసగా నిలబడి రెక్కలాడిస్తున్నాయి. చూడు, ఎంత ఎండున్నా లోపల ముప్పై అయిదు దాటనివ్వవు, నీళ్లు మోసుకొచ్చి చల్లుతాయి, వేడిని గుమ్మంలోంచి బయటికి తోసేస్తాయి, నీలాగా కంప్యూటర్ ముందేసుకుని ఏడుస్తూ కూర్చోవు అన్నాడు.

ఒళ్లు మండింది గానీ మాట మంచిది.

జులై 20

నీళ్లు చల్లడం పనిచేసింది. ఇంజిన్‌లోకి పోయే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ మీద సన్నటి తుంపర, బూస్ట్ ఒకటి దాటగానే మొదలయ్యేట్టు పెట్టాను. డెబ్బై ఒకటి నించి అరవై మూడు. మావయ్యకి ఒక సీసా ఉజో సారా పంపాను. ఈగలకా నాకా అని కబురు పంపాడు.

జులై 27

ఇంజిన్ కింద అల్యూమినియం రేకు ఒకటుంది. ఎగ్జాస్ట్ గొట్టానికీ నేలకీ మధ్య అడ్డు. వేడిగాలి దాని మీద కూర్చుని కదలడం లేదు. పదకొండు బోల్టులు. విప్పేశాను.

యాభై నాలుగు! పది మంది ఇంజనీర్లు ఏడాదిలో చెయ్యలేనిది పదకొండు బోల్టులతో అయిపోయింది. గారేజ్ అంతా గంతులేశాను. ఆర్గిరిస్ నన్ను భుజాలకెత్తుకున్నాడు. నలభై ఏళ్ల మనిషిని, ఆపరా అంటే వినడు.

మావయ్యకి చెప్పాను, నీ ఈగల్లాగే వేడి కిందనించి బయటికి పోయేట్టు చేశానని. మంచిదే అన్నాడు. అంతలోనే, బయట అంటే ఎక్కడికే అన్నాడు. బయటంటే బయటే మావయ్యా అన్నాను. ముసలాళ్లు ఏదో ఒకటి అడక్కుండా ఉండలేరు.

ఆగస్టు 3

యాభై నాలుగు వచ్చింది బయట ముప్పై మూడున్న రోజు. అది లెక్కలోకి రాదు. నిజమైన ఎండ కావాలి.

ఆగస్టు 12

రేపు నలభై ఒకటి. గాలి కూడా గట్టిగానే ఉంటుందట, వేసవి ఉత్తరగాలి మెల్టెమి మొదలైంది. అగ్నిప్రమాదం మ్యాప్‌లో మా జిల్లాకి ఎర్ర రంగు వేశారు. అడవి దారుల్లోకి వెళ్లొద్దని, నిప్పుతో ఏ పనీ పెట్టుకోవద్దని సాయంత్రం నించి ఫోన్లకి మెసేజీలు.

ఆర్గిరిస్ వెనకాడాడు. రేపొద్దక్కా, మన కొండకి కూడా ఎర్ర రంగే, ఎవరైనా చూస్తే బాగుండదు, ఎల్లుండి చూద్దాం అన్నాడు. ఎల్లుండికి ముప్పై నాలుగుకి పడిపోతుంది. ఇంత ఎండ రేసులోపు మళ్లీ దొరకదు. ఆ మాటే చెప్పాను. వినకపోతే, ఇన్నాళ్లూ నన్నన్నావు, అసలు పిరికివాడివి నువ్వేరా అన్నాను. మొహం ఎర్రబడింది. రెండింటికి, ఊరంతా తిని పడుకున్నాక వెళ్దాం అన్నాడు.

ఇప్పుడు దారికొచ్చాడు.

ఆగస్టు 13, 15:10

గెలిచాం. రేసు ఇంకా జరగలేదు గానీ గెలిచాం.

బయట నలభై ఒకటి. బూస్ట్ కింద నించి పైదాకా ఒకటి పాయింట్ ఆరు, ఎక్కడా పడలేదు. లోపలి గాలి యాభై ఎనిమిది. గులకరాళ్ల చప్పుడు లేదు. నేను పక్క సీట్లో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని చిన్నపిల్లలా అరిచాను.

పైన కంకర జాగాలో మాడిపోయే ఎండ. ఆర్గిరిస్ అక్కడే ఆపబోయాడు. అవతల చెట్ల నీడలో ఆపు, తొందరగా చల్లబడుతుంది అన్నాను. ఎండుగడ్డి మోకాళ్ల దాకా ఉంది, బండి కడుపు కింద చరచరమంది. నాలుగు నిమిషాలు ఆగాం. మావయ్య లేడు, భోజనానికి దిగినట్టున్నాడు. కింద ఒక పెట్టె మీద ఆయన పొగడబ్బా ఉంది, పొగ కూడా లేదు దాన్లో. ఇంత ఎండలో ఈగలు కూడా బద్ధకంగా ఉన్నాయి. కిటికీలు దించుకుని పాడుకుంటూ దిగాం.

15:50

ఊళ్లో ఫోన్లన్నీ ఒక్కసారిగా కేకపెట్టాయి. ఇళ్లు ఖాళీ చేసి రేవు వైపు వెళ్లిపొమ్మని. కిటికీలోంచి చూశాను.

చివరి మలుపు దగ్గర పొగ.

ఆగస్టు 14

రేవులో, బడి హాల్లో ఉన్నాం. మావయ్య రెండు చేతులకీ మోచేతుల దాకా కట్లు. మంటలు చూసి పికప్ వేసుకుని పైకి పోయాడట. నాలుగు పెట్టెలు దించాడట. తర్వాత ఫైర్ వాళ్లు ఆయన్నే దించారు.

ఆగస్టు 15

మేరీ మాత పండగ. చర్చి గంటలు కొట్టలేదు.

రెండు కొండలు పోయాయి. ఊళ్లోకి రాలేదు, చావులు లేవు, అదొక్కటే మేలు. మావయ్య దించిన నాలుగు పెట్టెల్లో కూడా ఈగలు పొగకి చచ్చిపోయాయి. పైన్ చెట్టు పెరిగి ఈగకి తేనె ఇవ్వాలంటే ముప్పై ఏళ్లు పడుతుందే, నాకిప్పుడు డెబ్బై నాలుగు, అని లెక్క చెప్పాడు. ఏడవలేదు. మళ్లీ మళ్లీ అదే లెక్క చెప్పాడు.

నా లెక్క నేను చేస్తున్నాను. ఎగ్జాస్ట్ గొట్టం వేడి ఐదు వందల డిగ్రీలకి తక్కువుండదు. ఎండుగడ్డి అంటుకోడానికి మూడు వందలు చాలు.

ఆగస్టు 17

ఇళ్లకి రానిచ్చారు. మావయ్యని ఫైర్ వాళ్లు తీసుకెళ్లారు, ఇక్కడ నిప్పు కేసులు చూసేది వాళ్లే.

మంట పుట్టిన చోట వాళ్లకి పొగడబ్బా దొరికింది. ఎర్ర రంగు రోజున పొగడబ్బా వెలిగించకూడదు. ఆ రోజు పదకొండింటికి వెలిగించానని ఆయనే చెప్పాడట. ఆర్పావా అంటే ఆర్పాననుకుంటా అన్నాడట. అనుకుంటా అన్న మాటొక్కటే రాసుకున్నారు.

నిప్పు లేనిదే పొగ రాదు కదా అని బేకరీ ఆవిడ అంది, అందరూ వినేట్టు. ఆయన తలుపు మీద ఎవరో నల్లరంగుతో, కొండ తగలబెట్టినవాడు అని రాశారు. యాభై ఏళ్లు వీళ్ల పిల్లల దగ్గులకి తేనె ఊరికే ఇచ్చిన మనిషి.

ఆగస్టు 18

పొగడబ్బాలో పొగ లేదు. నేను చూశాను.

ఆగస్టు 19

ఇవాళ గారేజ్ ముందు సిమెంటు మీద మేకని నిలబెట్టాను. పక్కన నీళ్ల బకెట్లు. ఆ రోజంత వేడెక్కేదాకా తిప్పి, ఇనపతీగ చివర ఎండుగడ్డి కట్టి గొట్టానికి ఆనించాను. ఇరవై రెండు సెకన్లకి పొగ. ముప్పై ఒకటికి మంట.

నాలుగు నిమిషాలంటే రెండు వందల నలభై సెకన్లు. మేము దిగేటప్పటికే అది కింద రగులుతూ ఉండాలి. మేము పాడుతున్నాం.

ఆర్గిరిస్ వాకిట్లో నిలబడి అంతా చూశాడు. బకెట్ ఎత్తి వాడే పోశాడు. తర్వాత బండి కిందికి దూరి ఆ రేకు మళ్లీ బిగించాడు, పదకొండు బోల్టులూ. చేతులు కాలాక ఆకులు. కాలిన చేతులు మావి కూడా కావు.

లేచి వచ్చి, అక్కా, లాప్‌టాప్‌లో ఆ రోజు లాగ్ తుడిచెయ్యి అన్నాడు. ఎక్కడ ఎన్నింటికి ఆగామో, ఎంతసేపు ఆగామో అన్నీ ఉన్నాయి అందులో. ముసలాయన్ని ఏం చెయ్యరక్కా, వయసు చూసి వదిలేస్తారు, నాకు మూడు నెలల పాప ఉంది, నేను జైలుకి పోతే దాని గతేంటి అన్నాడు.

తుడిచేశానని చెప్పాను. తుడవలేదు.

ఆగస్టు 22

మావయ్యని కోర్టు రోజు దాకా ఇంటికి పంపారు. 26న హాజరు కావాలి. చూడ్డానికి వెళ్లాను. చేతులకి కట్లు కదా, సూప్ నేనే తాగించాను.

రెండు చెంచాలు తాగి ఆపేశాడు. ప్రతిసారీ డబ్బా మూతికి పచ్చగడ్డి కుక్కి ఆర్పుతానే, యాభై ఏళ్లుగా అంతే, ఆ రోజు కుక్కానో లేదో గుర్తు రావట్లేదే, రోజంతా అదే తవ్వుకుంటున్నా, గుర్తు రావట్లేదు, ఇంక నేనే అయ్యుంటాను అన్నాడు. తర్వాత ఆ కట్టు కట్టిన చెయ్యి నా తల మీద పెట్టి, నీ కొండ తగలబెట్టేశానే తల్లీ, తమ్ముడికి రేసు లేకుండా చేశాను, నన్ను క్షమిస్తావా అని అడిగాడు.

క్షమించానని చెప్పాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. తేలు కుట్టిన దొంగ అరవకపోవడం వేరు. నేను అరవకపోవడమే కాదు, ఎవరి సొమ్ము పోయిందో ఆయన్నే క్షమించి వచ్చాను. 

ఆగస్టు 24

ఆర్గిరిస్‌కి చెప్పేశాను. తుడవలేదని, రేపు ఫైర్ ఆఫీసుకి వెళ్తున్నానని.

మొదట అరిచాడు. వద్దు వద్దంటే పిరికివాడన్నావు, గుర్తుందా, ఇప్పుడు నీతులు చెప్తున్నావా అన్నాడు. గుర్తుంది అన్నాను. రేకు విప్పింది నేను, ఆ రోజే వెళ్దామన్నది నేను, నీడలో ఆపమన్నది నేను, అన్నీ అలాగే చెప్తాను అన్నాను. స్టీరింగు నా చేతుల్లోనే ఉంది కదక్కా అన్నాడు, మెల్లిగా.  పాపని ఎత్తుకుని లోపలికి పోయాడు.

పొద్దుపోకముందే చూశాను, ఆ రేకు మళ్లీ విప్పి నా బల్ల మీద పెట్టి ఉంది. బోల్టులు పదకొండూ డబ్బాలో వేసి. వాడే పెట్టాడు. రేపు వాళ్లు చూసేందుకు, ఆ రోజు ఎలా ఉందో బండి మళ్లీ అలాగే ఉంది.

ఆగస్టు 25, 7:20

ఫైర్ ఆఫీస్ ముందు. మేకలోనే వచ్చాను. ఒళ్లో లాప్‌టాప్. కింద సిమెంటు, రెండుసార్లు దిగి చూశాను. ఇంజిన్ ఇంకా తిరుగుతోంది. గట్టిగా తోలాను కాబట్టి నాలుగు నిమిషాలు ఆగాలి. ఒకటిన్నర నిమిషం అయింది.

నాలుగూ ఆగితే వెనక్కి తిప్పుకుని పోతానని నాకు తెలుసు.

ఆపేశాను.