సారస కొంగ మీద విసిరిన రాయి

మంగళవారం రాత్రి, ఆండర్సన్‌పేట

నేను చెబుతుంటే మనవరాలు సరళ రాస్తోంది. రేపు పొద్దున ఫారెస్టు ఆఫీసులో నన్ను నిలబెట్టి అడుగుతారు. ఆలోగా ఒక్క ముక్క కూడా మరిచిపోకూడదు.

పక్షుల కోసం కంచె వేసిన చెరువులో మూడు రోజులుగా ఒక సారస కొంగ ఉంది. ఎర్ర మెడ, మనిషెత్తు. ఈ వైపు నా వయసులో చూడని పక్షి. ఈ సాయంత్రం అది కంచె దాటి, బంగారు గని విషపు మట్టి పోసిన సైనైడ్ దిబ్బ కింది గుంటలో దిగింది. ఆ నీళ్ళు తాగినందుకే నా రెండు మేకలు చచ్చాయి. అరిచాను, కదల్లేదు. ముక్కు వంచింది. చేలో పిట్టల్ని తోలే వడిసెల నా నడుముకే ఉంది. దాని ముందర నీళ్ళలో పడాలని రాయి విసిరాను. రాయి కాస్త పైకి పోయింది.

కొంగ లేచిపోయింది. కంచె దగ్గరున్న ఫారెస్టు గార్డు నా చేతిని మాత్రమే చూశాడు.

"ఏమ్మే ముసల్దానా, సారస పక్షినే కొడతావా? జైలే నీకు!"

"ఆ నీళ్ళు తాగి చస్తా ఉంటే చూస్తా ఉండాల్నా అప్పా? నువ్వొక గుక్క తాగి చూపించు, నేనే నడిచి వస్తా జైలుకి!"

అతను తాగలేదు. నా పేరు రాసుకుని పోయాడు.

ఇప్పుడు సరళ పెన్ను ఆపింది. "అవ్వా, తగల్లేదని రాస్తా. ఎవురు చూసినారు?"

నేను చూశాను. రెక్కకు తగిలింది, ఒక ఈక రాలింది. చెరువు దాకా ఎగిరిందో లేదో చీకట్లో తెలియలేదు.

"తగిలిందనే రాసుకో," అన్నాను. "తాగక ముందే తగిలిందని కూడా రాసుకో."