పన్నెండో పేరు

డిసెంబరు 28, జమ్మలమడుగు

ఏడాదిలో పన్నెండు కథలు రాస్తానని జనవరిలో ఇదే డైరీలో రాసుకున్నాను. ఒక్కటీ పూర్తి కాలేదు. చదవడం మాత్రం సాగింది, లైబ్రేరియన్ మస్తాన్ పుణ్యమా అని.

నిన్న సాయంత్రం పులివెందులలో మా వర్గం పెద్దాయన బావమరిది మీద బాంబులు వేశారు. పొద్దున పెద్దాయన నన్ను పిలిపించాడు.

"రాసేది నీకు బాగా వస్తాది సారూ. కంప్లైంటు నువ్వే రాయల్ల."

వేసింది ముగ్గురేనని అందరికీ తెలుసు. కానీ మా దగ్గర కేసంటే అవతలి వర్గంలో దొరికిన వాళ్లందరినీ ఇరికించాల్సిందే. ఆయన చెబుతూ పోయాడు, నేను రాస్తూ పోయాను. పన్నెండో పేరు మస్తాన్. ఆయన తమ్ముడు అవతలి పార్టీకి పోలింగ్ ఏజెంటు, అదే ఆయన నేరం.

"ఆయప్ప ఆడ లేడన్నా. నిన్న సాయంత్రం ఈడే నాకు పుస్తకం ఇచ్చినాడు."

"ఆ మాట కోర్టులో చెప్తావా ఏంది?"

తలుపు దగ్గర పెద్దాయన మనుషులు నలుగురు నిలబడి ఉన్నారు. రాశాను. "శానా బాగా రాసినావు" అని భుజం తట్టాడు.

ఆ పుస్తకం ఇప్పుడు నా ముందే ఉంది. లోపల చీటీ మీద నా పేరు, నిన్నటి తేదీ, మస్తాన్ సంతకం. టైముతో సహా రాయడం ఆయన అలవాటు. ఈ చీటీ సంగతి పెద్దాయనకు తెలియదు. చింపేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను, రెండుసార్లూ మళ్లీ పుస్తకంలోనే పెట్టాను.