పచ్చివాళ్ళు, ఉడికినవాళ్ళు

2006 మార్చి 3, శుక్రవారం

స్కూలు నుంచి క్వో టీచర్ వచ్చింది. తైపేయి నగరం పిల్ల. మా కొండమీదికి వచ్చి రెండేళ్ళయినా బస్సెక్కితే ఇంకా వాంతులే. ముప్పై ఏళ్ళు ఈ దారిలో బస్సు తోలినవాణ్ణి కదా, ముందు సీట్లో కూర్చుని దూరపు కొండను చూడమ్మా, పక్కన లోయను చూడకు అని ఎన్నిసార్లు చెప్పానో. వినదు. లోయ అందంగా ఉంటుందట.

నాటకం వేయిస్తోంది. ఏదో ఇంగ్లీషువాళ్ళ నవల, ప్రపంచమంతా చదువుతారట. దీవిలో చిక్కుకున్న ఓడ జనం కథ. నాగరికతకూ అనాగరికతకూ పోరాటం తాతగారూ, అంది. మా మనవరాలు లావాది ముఖ్యమైన వేషం. అందుకని మా అమ్మ ఫోటో కావాలట. అమ్మ ముఖం మీది పచ్చబొట్టు గీతలు పిల్లలకు అచ్చం అలాగే దించుతుందట.

ఇచ్చేశాను. అమ్మది ఉన్నది ఆ ఒక్క ఫోటోయే.

ఎందుకో ఏమిటో అడగకుండా ఇచ్చేయడమేనా, బుర్ర ఉందా నీకు, అని మా ఆవిడ పిసుయ్ కేక. నాగరికత అని చెప్పింది కదే, అన్నాను. మా తయాల్ కొండజనంలో నేత నేర్చిన ఆడదానికే చెంపల మీద గీతలు పొడిచేవారు. గీతల్లేని ముఖం పూర్తికాని ముఖం. పెళ్ళి కాదు. చచ్చాక దాటాల్సిన ఇంద్రధనుస్సు వంతెన దగ్గర, ముందే పోయిన పెద్దలు గుర్తుపట్టరు. మరి గీతలు పెడుతున్నారంటే మనుషులవుతున్నారనేగా?

మార్చి 6

టీచర్ ఇచ్చిన నవల చదవడం అయింది. చైనీసు అనువాదం, మూడు వందల పేజీలు. మధ్యలో అడవిపందిని చంపారు. వాటాలు ఎవరెవరికి వెళ్ళాయో ఎక్కడా రాయలేదు. తొడ ఎవరు తీసుకున్నారట, అంది పిసుయ్. అదే నా గోల కూడా.

మార్చి 9, సాయంత్రం నాలుగు

రిహార్సల్‌కు వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది.

మొదటి సీనులో పిల్లలంతా తెల్ల చొక్కాలు, తోమిన ముఖాలు. ఫోర్కులతో తింటూ థాంక్యూ థాంక్యూ అనుకుంటున్నారు. అది నాగరికత. మూడో సీనుకల్లా ముఖాలకు గీతలు పడ్డాయి. గంతులు, కేకలు. మా అమ్మ గీతలు పెట్టుకుని మా లావా పక్కవాడి తలమీద ప్లాస్టిక్ దుంగతో బాదుతోంది. అది అనాగరికత.

లేచి ఆపమన్నాను. మిమ్మల్ని కాదు తాతగారూ, అది సింబల్, ప్రతి మనిషి లోపలా ఉండే మృగం, అంది టీచర్. మృగానికి నేత వస్తుందామ్మా, అన్నాను. ప్రిన్సిపాల్ లోసిన్ మావాడే, చదువుకునే రోజుల్లో హాస్టల్‌కు నా బస్సులోనే వెళ్ళాడు. వాడు పక్కకు లాగి, ఇప్పుడెందుకు పెద్దాయనా ఈ గొడవ, కౌంటీ నుంచి అధికారులొస్తున్నారు, కార్డులు కూడా అచ్చయ్యాయి, అన్నాడు. కార్డులు అచ్చయితే మరి మా అమ్మ ఏం చేస్తుంది పాపం.

మార్చి 10

పొద్దున్నుంచీ ఒకటే చిరాకు.

వెనకటి చైనా దొరతనంవాళ్ళ కాగితాల్లో మేం రెండు రకాలట. వాళ్ళ మాట విని వాళ్ళలా బతికితే ఉడికినవాళ్ళు. కొండమీదే ఉండిపోతే పచ్చివాళ్ళు. మనుషుల్ని వంకాయల్లా చూసినవాళ్ళేమో నాగరికులు! ఈ సంగతి ఒక ప్రొఫెసర్ నా బస్సులో చెప్పాడు. చెబుతూ చెబుతూ దిగాల్సిన చోటు దాటిపోయాడు, వింటూ వింటూ నేనూ ఆపలేదు.

తరవాత జపానువాళ్ళొచ్చారు. అమ్మను ఉడికించింది వాళ్ళే. గీతలు అనాగరికమని పోలీసు ఉత్తర్వు. కింద పట్నంలో రెండు చెంపల చర్మమూ కోసి, అంచులు లాగి కుట్టేశారు. అప్పటికి నేను కడుపులో ఉన్నాను. తీసుకెళ్ళిన పోలీసే ముందురోజు ఫోటో తీశాడు, ముచ్చటగా ఉందని. అదే ఈ ఫోటో. నేనెరిగిన అమ్మకు గీతల్లేవు, మచ్చలే. నవ్వితే నోరు ఒక పక్కకే వెళ్ళేది.

పోయేముందు ఆవిడ అడిగింది ఒక్కటే. వంతెన దగ్గర నన్నెవరూ గుర్తుపట్టరురా, ఇవతలే కూర్చుంటాను, నువ్వొచ్చేటప్పుడు ఆ ఫోటో పట్టుకురా, ఇదీ మా అమ్మ ముఖం అని వాళ్ళకు చూపించు, అంది. సరేనన్నాను. ఆ ఫోటోను తీసుకెళ్ళి నాటకానికిచ్చాను. పిసుయ్ అన్నది నిజం, నాకు బుర్ర లేదు.

లావాను కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. రంగు తోమి తోమి దాని చెంపలు ఎర్రబడి ఉన్నాయి. అయితే తాతా, అవి మంచి గీతలా, అంది. మా అమ్మ గీతలు, అన్నాను. గిన్నె దగ్గరికి లాక్కుని నూడుల్స్ తింది.

మార్చి 13

ఫోటో అడిగాను. బ్యానర్ కోసం పట్నం పంపారట. నేనన్న మాటలు ఇక్కడ రాయను.

మార్చి 15

టీచర్ మాంసం పట్టుకుని వచ్చింది. మా పద్ధతిలో తప్పు చేసినవాళ్ళు పందిని కోసి ఊరంతటికీ పంచాలని లోసిన్ చెప్పాడట. సూపర్‌మార్కెట్ మాంసం, ప్లాస్టిక్ ట్రేలో రెండు కిలోలు. ఇరవై మూడు ఇళ్ళున్నాయి తల్లీ, అంటూనే పిసుయ్ కత్తి తీసింది. ఇంటికి బొటనవేలంత ముక్క. ఇద్దరూ కలిసి పంచి వచ్చారు. గడపగడపకూ టీచర్ తల వంచిందట.

మరి ఈ నాటకం మీరైతే ఎలా వేస్తారు తాతగారూ, అని టీచర్ అడిగింది. మొదటి సీనులోనే అందరికీ గీతలుండాలి, మాంసం సమంగా పంచుకోవాలి, చెడిపోయేకొద్దీ ఒక్కొక్క ముఖమూ తుడిచేయాలి, అన్నాను. అధికారులకు అర్థం కాదేమో అంది. మా ముసలమ్మలకు అర్థమైతే చాలన్నాను. రాసుకుంది. తుడిచే పని లావాకే ఇచ్చింది. చివర్లో తన ముఖం తనే తుడుచుకోవాలి.

మార్చి 18, మధ్యాహ్నం

నాటకం అయింది.

లావా తడి తువ్వాలుతో మొదటి పిల్లాడి ముఖం తుడిచింది. ముందు వరసలో అధికారులు చప్పట్లు కొట్టారు! నాగరికత వచ్చేసిందనుకున్నారు. రెండో ముఖానికి ఇంకా గట్టిగా. తెర పక్కన టీచర్ తల పట్టుకుంది. వెనక మా ముసలమ్మలు కండువాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎనిమిది ముఖాలు, ఎనిమిదిసార్లు చప్పట్లు. ఇప్పుడు శుభ్రంగా ఉన్నారు, అన్నాడొకాయన పక్కాయనతో. అమ్మను తీసుకెళ్ళిన పోలీసు కూడా ఇదే మాట అని ఉంటాడు.

ఇక లావా ముఖమే మిగిలింది. తువ్వాలు చెంప దాకా తెచ్చింది. తుడుచుకో తుడుచుకో అని లోసిన్ చేత్తో సైగ. అది తువ్వాలు కింద పడేసింది. అలా మావైపే చూస్తూ నిలబడింది. తెర దించమని లోసిన్ అన్నాడు. టీచర్ దించలేదు.

ఈసారి చప్పట్లు ఎప్పుడు కొట్టాలో అధికారులకు తెలియలేదు.

మార్చి 20

ఫోటో వచ్చింది. లావాకిచ్చేశాను. వంతెన దగ్గరికి పట్టుకొచ్చే పని ఇక దానిది.

అమ్మ వంతెన ఇవతల ఇంకో డెబ్బై ఏళ్ళు కూర్చోవాలి. కూర్చుంటుంది. నేత తెలిసిన మనిషి, చేతులు ఊరుకోవు.