శాశ్వతంగా అన్న చోట

మే 8, గురువారం
కొత్త ఇల్లు, మూడో అంతస్తు

గౌరవనీయులైన బావగారికి,

అలిగినవాణ్నీ అలిగించినవాణ్నీ ఒకే దుప్పటి కింద కాచే ప్రభువు పేరున మీకూ, అక్కయ్యగారికీ వందనాలు. మేమిక్కడ క్షేమం. మీరక్కడ క్షేమమని మీ చెల్లెలు ఫోనులో మాట్లాడాక చెబితే తెలుసుకుంటున్నాను. మీరు నాతో మాట్లాడి పద్నాలుగు నెలలైంది. తప్పు మీది కాదని ముందే ఒప్పుకుని మొదలుపెడుతున్నాను, లేకపోతే ఈ ఉత్తరం మొదటి పేజీలోనే చించేస్తారని భయం.

ఇల్లు చిన్నదే. వంటింటి కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు మెట్లు కనిపిస్తాయి, ఎవరెక్కినా వాళ్ళ మోకాళ్ళే కనపడతాయి. మోకాళ్ళని బట్టి మనుషుల్ని గుర్తుపట్టడం మీ చెల్లెలు నేర్చుకుంది. బట్టల షాపులో పొడుగు తగ్గించే పనిలో చేరింది. నాది అదే లిఫ్టుల కంపెనీ, పద్దెనిమిది బిల్డింగులు నా చేతి కింద ఉన్నాయి. ఆదివారం ప్రార్థన కూటం టైరు షాపు పైన హాల్లో పెట్టుకుంటున్నాం. ముప్పై మంది వస్తున్నారు. కింద గాలి కొట్టే మిషను ఆగినప్పుడల్లా నా గొంతు అవసరానికి మించి వినిపిస్తుందని గువ్వ అంటుంది. మీ మేనకోడలు ఇప్పుడు నా భుజం దాటింది బావగారూ, నోరు ఎప్పుడో దాటింది.

దాని సంగతే రాయాలి.

మేం బయల్దేరే ముందు వారం మీరు గీతల కాగితం మీద ఐదు కాలేజీల పేర్లు రాసి దాని చేతికిచ్చారు. ఇరవై రెండేళ్ళు కాలేజీ ఆఫీసులో దరఖాస్తులు చూసిన చెయ్యి మీది. పై రెండూ పిల్ల ఆశపడ్డవి, మధ్యది వస్తే రావచ్చు, కింది రెండూ సేఫ్టీ కాలేజీలు. వాటి పక్కన మూడు ప్రశ్నలు రాశారు. దీని మార్కులకి సీటు తప్పకుండా వస్తుందా, ఆ ఫీజు మనం మొయ్యగలమా, వెళ్ళాల్సి వస్తే ఏడవకుండా వెళ్తుందా. మూడింటిలో ఏ ఒక్కటి కాదన్నా అది సేఫ్టీ కాదు, ఊరికే పేరుకి పెట్టుకున్నది అన్నారు. అడుగున ఎర్ర సిరాతో ఇంకో మాట రాశారు. కొత్త రాష్ట్రంలో బయటివాళ్ళకి ఫీజు మూడింతలు. అక్కడ ఏడాది నివాసం చూపించి, అక్కడే ఉంటామని తండ్రి సంతకం చేస్తేనే ఆ రాష్ట్రం పిల్లల ఫీజు వర్తిస్తుంది, ఇది మర్చిపోతే సేఫ్టీ కాలేజీ కూడా చేతికందదు అని.

నేనేం చేశాను? వీడ్కోలు కూటంలో ఆ కాగితం ఎత్తి అందరికీ చూపించాను. ఎడారిలో ఆకాశం నుంచి ఆహారం కురిస్తే, రేపటికని దాచుకున్నవాడి కుండలో పురుగులు పట్టాయి, ఇదిగో ఇది కూడా అలాంటి కుండే అన్నాను. మీరు వెనక వరసలోంచి లేచి, విశ్రాంతి దినానికని ఆరో రోజున రెండింతలు ఏరుకోమన్నది కూడా ఆయనే కదా బావా అన్నారు. నిజమే. ఆ వాక్యం నాకు తెలుసు. తెలిసి కూడా, లోకం ఆఫీసులో గుమాస్తా దేవుని లెక్కలు దిద్దడానికొచ్చాడు చూడండి అన్నాను. జనం నవ్వారు. మీరు చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. స్టేషనుకి రాలేదు. నేను కింద పడేసిన ఆ కాగితాన్ని గువ్వ వంగి తీసుకుంది. ఇక్కడికొచ్చాక బీరువా తలుపు లోపల అంటించింది.

నాకు చెప్పకుండా ఐదింటికీ దరఖాస్తు పెట్టింది. ఎక్స్‌రే, స్కానింగ్ చదువు దానికి కావలసింది. నాకు తెలిసిన రోజున గంటసేపు వాక్యం చెప్పాను. అంతా విని, నాన్నా, నువ్వు లిఫ్టుకి నాలుగు రోపులు ఎందుకు వేస్తావు, విశ్వాసం ఉంటే ఒక్కటి చాలదా అంది. నాలుగూ తెగితే పట్టుకోవడానికి కింద మళ్ళీ బ్రేకు కూడా పెడతావుగా అంది. మీ చెల్లెలు వంటింట్లో నవ్వాపుకోలేక గిన్నె కింద పడేసింది. లిఫ్టు వేరు, జీవితం వేరు అన్నాను. అందులో పసలేదని నాకే తెలిసింది.

పై రెండు కాలేజీలూ కాదన్నాయి. మధ్యది సరేనంది కానీ ఏ సాయమూ ఇవ్వనంది. ఆ రోజు అది అన్నం తినలేదు. నేను తలుపు దగ్గర నిలబడి ఒక వాక్యం చెప్పబోతే, ఇవాళ వద్దు నాన్నా అంది. వారం తిరక్కుండా కింది రెండూ వచ్చాయి. రెండో దాని పక్కనే ఆసుపత్రి ఉంది, బస్సులో వెళ్ళి చూసొచ్చింది. అక్కడ మిషన్లు పాతవే కానీ నేర్పేవాళ్ళు విసుక్కోరు అని చెప్పింది. మీ మూడో ప్రశ్నకి అదే జవాబనుకుంటాను.

మర్నాడు ఫీజు కాగితం వచ్చింది. బయటివాళ్ళ ఫీజు. మూడింతలు.

కారణం నేనే, బావగారూ. ఏడాది నివాసానికి అద్దె రసీదులు, కంపెనీ కాగితం అన్నీ సక్రమంగానే ఇచ్చాం. తండ్రి సంతకం చేయాల్సిన పేజీలో, నేనూ నా కుటుంబమూ ఈ రాష్ట్రంలో శాశ్వతంగా నివసించే ఉద్దేశంతో ఉన్నాము అని అచ్చయి ఉంది. రేపటి గురించి మనిషి ఇలా చేస్తానని పలకకూడదని పంతొమ్మిదేళ్ళుగా చెబుతున్నవాణ్ని. శాశ్వతంగా అన్న మాట కొట్టేసి, పైన దేవుని చిత్తమైతే అని రాసి, పక్కన పొట్టి సంతకం చేశాను. ఎవరికీ కనపడకుండా చేసింది కాదు. ఆదివారం హాల్లో సాక్ష్యంగా చెప్పుకున్నాను. ముప్పై మందీ ఆమెన్ అన్నారు. గువ్వ ఆ రోజు జ్వరమని ఇంట్లో ఉంది. దానికి మాత్రం చెప్పలేదు.

పోయిన బుధవారం ఇద్దరం అడ్మిషన్ల కిటికీ దగ్గరికి వెళ్ళాం. అక్కడి క్లర్కు నా వయసు మనిషి, కళ్ళజోడు తాడుతో మెడలో వేసుకుంది. నేను దిద్దిన పేజీ బయటికి తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. గువ్వ దాన్ని చదివింది. నా వైపు చూడలేదు. అదే కష్టం, చూస్తే ఏదో ఒకటి చెప్పేవాణ్ని. ఆ క్లర్కు కోపంగా ఏమీ అనలేదు. అయ్యా, నేనూ ప్రార్థన చేసుకునేదాన్నే, కానీ ఈ కాగితంలో దేవుని చిత్తానికి గడి లేదు అంది. రేపు ఏం జరుగుతుందో అడగడం లేదు, ఇవాళ మీ మనసులో ఏముందో అడుగుతున్నాం అంది. కొత్త కాగితమిచ్చి సోమవారం సాయంత్రం లోపల ఇవ్వమంది. ఆ తర్వాత తన చేతిలో ఏమీ ఉండదని రెండుసార్లు చెప్పింది.

ఇవాళ నా మనసులో ఏముందంటే, బావగారూ, మా సూపర్‌వైజరు పోయిన నెల అన్న మాట. రెండేళ్ళలో ఇంకో రాష్ట్రంలో పని పడుతుంది, మూటా ముల్లే ఎక్కువ పెంచుకోకండి అన్నాడు. ఉంటామని రాస్తే అబద్ధం. రాయకపోతే పిల్ల చదువు పోయినట్టే. ఆ కాగితం పరిశుద్ధ గ్రంథంలో పెట్టుకుని తిరిగాను. లిఫ్టు గుంతలో దిగి గ్రీజు పెడుతూ ఆలోచించాను. ముప్పై మందికి దారి చెప్పేవాడికి ఒక గీత మీద సంతకం చేయాలో వద్దో తెలియలేదు. ఏ పేజీ తెరిచినా ఎవడో ఒకడు నిలబడి ఉన్నాడు, సింహాల మధ్య, అగ్నిలో. వాడి కూతురి ఫీజు సంగతి ఏ పేజీలోనూ లేదు.

శుక్రవారం మీ చెల్లెలు గుండీ కుడుతూ, తల ఎత్తకుండానే అడిగింది. నన్ను పెళ్ళి చేసుకున్న రోజున చచ్చేదాకా అని అందరి ముందూ అన్నావుగా, అప్పుడు రేపటి గురించి పలికినట్టు కాలేదా అని. ఆ రోజు దేవుని చిత్తమైతే అని కొట్టేసి రాసుంటే మా అన్నయ్య అక్కడే పందిరి పీకించేవాడు అని కూడా అంది. నవ్వాలో ఏడవాలో తెలియక చెప్పులేసుకుని బయటికి పోయాను. గువ్వ ఆ నాలుగు రోజులూ ఉప్పు అందించమన్నా అందించింది, నీళ్ళడిగినా ఇచ్చింది, మాట మాత్రం లేదు. నన్ను తిట్టినా బాగుండేది.

సోమవారం సెలవు పెట్టి దాన్ని తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. కాగితం లోపలికి వెళ్ళింది. ఆమె ముద్ర కొట్టింది. నిన్న ఈ రాష్ట్రం పిల్లల ఫీజుతో కొత్త ఉత్తరం వచ్చింది. జూలైలో చేరుతుంది. మీరు అడుగున రాసిన రెండో కాలేజీయే, రెండు బస్సులు మారాలి. మీ చెల్లెలు షాపులో అందరికీ చెప్పుకుని తిరుగుతోంది. హాల్లోవాళ్ళు దేవుడు తలుపు తీశాడని ఈ ఆదివారం కృతజ్ఞత కూటం పెట్టమంటున్నారు.

ఆ తలుపు చూసి పెట్టినవారు మీరు. పద్నాలుగు నెలల కిందట జనం ముందు మిమ్మల్ని అన్న మాటకి జనం లేనిచోట క్షమాపణ అడగడం న్యాయం కాదని తెలుసు. అయినా అడుగుతున్నాను. మీరు ఎప్పుడొచ్చినా ఆ హాల్లో అందరి ముందూ అడుగుతాను. అక్కయ్యగారికి నా వందనాలు చెప్పండి.

మీ చెల్లెలి భర్త,
మీరు బావా అని పిలవడం మానేసినవాడు

తా.క. కవరు అంటించాక మళ్ళీ విప్పాను. పైన రాసిందాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు, మళ్ళీ చదివి చూసుకున్నాను. కానీ కాగితం లోపలికి వెళ్ళింది అని రాశాను, సంతకం చేశానని రాయలేదు. నేను చేయలేదు బావగారూ. శనివారం గ్రంథం తెరిస్తే కాగితం లేదు. ఎక్కడో జారవిడిచాననుకున్నాను. సోమవారం ఇంకొక రోజు గడువు బతిమాలదామని వెళ్ళాను. గువ్వ తన సంచిలోంచి దాన్ని తీసి కిటికీలో పెట్టింది. కింద నా సంతకం ఉంది, చివర తోకతో సహా. దానికి చిన్నప్పటి నుంచీ అబద్ధమాడితే నాలుక మీద మరకపడుతుందని నేర్పింది నేనే. ఆ క్లర్కు పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి చూసి, ఈసారి ఏ షరతూ లేదు కదయ్యా, ఇది మీ సంతకమేనా అంది. గువ్వ నా పక్కనే నిలబడి ఉంది, దాని మోచెయ్యి నాకు తగులుతోంది. అవునండీ అన్నాను. ఆలోచించే పని కూడా లేకపోయింది. బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఇంతవరకూ ఆ సంతకం గురించి నేను అడగలేదు, అది చెప్పలేదు. మీ చెల్లెలికి తెలియదు. బయటపెడితే దాని సీటు పోతుంది, పెట్టకపోతే ఆ ముప్పై మంది ముందు నోరు తెరవలేను. ఏం చేయమంటారని మిమ్మల్ని అడగడానికే ఇంత రాశాను, ఇప్పుడు అడగడానికి కూడా భయంగా ఉంది. ఈ ఆదివారం వాక్యం టైరు షాపాయన్ని చెప్పమన్నాను. నాకు జలుబు చేసిందని చెప్పాను. ఇది రెండో అబద్ధం.