బావి దగ్గరి తాటిచెట్టు

బాపూ,

ఈ రోజే రాయాలి, ఎందుకంటే తమ్ముడు అడిగినదానికి జవాబు నా దగ్గర లేదు. నీకు చదవడం రాదు కాబట్టి ఎప్పటిలాగే నేనే చదివి వినిపిస్తాను.

పొద్దున శంకర్ మొదటిసారి గీసిన కల్లు రుచి చూడడానికి నీ వాడుకవాళ్లంతా మనం కల్లు అమ్మే మండువకు వచ్చారు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు దింపి ఖాళీ బండ్లతో నేరుగా వచ్చినవాళ్లూ ఉన్నారు. శంకర్ నీ పేరున నేల మీద నాలుగు చుక్కలు సాక పోసి, లింగయ్య తాత తాటాకు రేకలో కల్లు వంపాడు. తాత కళ్లు మూసుకుని నెమ్మదిగా మింగాడు.

"గిది నీ బాపు కల్లు గాదురా."

శంకర్ మొహం వాడిపోయింది.

"నీది. ఇంకింత పొయ్యి, సూస్తవేంది?"

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే ఎవరో, "బాయికాడి చెట్టు ఎప్పుడు గీస్తవ్? అసలు కల్లు దాంట్లనే ఉంటది" అన్నారు.

నువ్వు పడి చనిపోయిన చెట్టు.

"దాని పేరెత్తితే కల్లు లొట్లన్నీ పలగ్గొడ్త" అంది అమ్మ.

వాళ్లు వెళ్లాక శంకర్ నన్ను పక్కకు పిలిచాడు. "అక్కా, నాకైతే ఎక్కాల్ననే ఉంది. సదువుకున్నదానివి, నువ్వు జెప్పు."

ఏ బడిలోనూ ఇది చెప్పలేదు బాపూ. ఆ చెట్టును నువ్వు ఎంతో నమ్మావు. నువ్వు నడుముకు కట్టుకున్న మోకు మాత్రం బాగా పాతది. ఆ రోజు నిన్ను వదిలేసింది చెట్టా, మోకా? నీకొక్కడికే తెలుసు.

గురువారం శంకర్ నిజామాబాద్ నుంచి కొత్త మోకు తెస్తున్నాడు. బుధవారం లోపు కలలోనైనా వచ్చి జవాబు చెప్పు.

నీ బిడ్డ
సుజాత